ఆర్‌సీ (రేడియో కంట్రోల్) విమానానికి తోక బిగించడం: తొలి కొలత నుంచి చివరి స్క్రూ దాకా

రెక్క వంకరగా కూర్చుంటే బోల్టు విప్పి సరిచేయొచ్చు. ఇంజను దిశ తేడాగా ఉంటే వాషర్ వేయొచ్చు. ఎపాక్సీ జిగురు గట్టిపడిన స్టెబిలైజర్‌ను (తోకలో అడ్డంగా ఉండే ముక్క) మాత్రం రంపం లేకుండా బయటికి తీయలేం. అందుకే తోక పనిలో ముప్పావు వంతు సమయం జిగురు మూత తీయకముందే ఖర్చవ్వాలి. తొందరపడ్డవాళ్ల మోడల్ ట్రిమ్ (తిన్నగా ఎగిరేలా రేడియోలో చేసే చిన్న సవరణ) ఎంత తిప్పినా ఒక పక్కకే లాగుతుంటుంది, కారణం ఎక్కడుందో వాళ్లకు అంతుపట్టదు.

ఇక్కడ చెప్పేది 40 సైజు (0.40 ఘనపు అంగుళాల ఇంజను తరగతి) బాల్సా మోడల్ గురించి, బాల్సా అంటే చాలా తేలికైన చెక్క. రెక్కల పొడవు 150 సెం.మీ. అటూఇటూగా ఉంటుంది, ఫిల్మ్ కవరింగ్ (వేడికి బిగుసుకునే పలచటి ప్లాస్టిక్ పొర) ముందే వేసి వస్తుంది, స్టెబిలైజర్ బాడీ గాడిలోకి దూరుతుంది. అడ్డంగా ఉండే స్థిరమైన ముక్క స్టెబిలైజర్, దాని వెనక కదిలేది ఎలివేటర్. నిలువుగా నిలబడేది ఫిన్, దాని వెనక కదిలేది రడ్డర్. కిట్ మాన్యువల్లో అంకె వేరుగా ఉంటే మాన్యువల్ మాటే చెల్లుతుంది.

1. బల్ల మీద ఏం ఉండాలి

పని మధ్యలో లేచి వెతుక్కోవడం ఎపాక్సీతో కుదరదు. ముందే పక్కన పెట్టుకోండి:

☐ 30 నిమిషాల ఎపాక్సీ (5 నిమిషాలది వద్దు, కొలత సరిచూసేలోపే బిగిసిపోతుంది)
☐ పలచటి సీఏ జిగురు (సయనోఅక్రిలేట్, అంటే సూపర్ గ్లూ రకం), సన్నని గొట్టం మూతతో
☐ ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చిన్న ముక్కలుగా చింపిన టిష్యూలు
☐ సన్నని మొన ఉన్న మార్కర్, కొత్త బ్లేడ్లు, సన్నమొన సోల్డరింగ్ ఐరన్
☐ రెండు మూలమట్టాలు, స్టీలు స్కేలు, సాగని దారం
☐ గుండుసూదులు, మాస్కింగ్ టేప్, 220 నంబరు ఉప్పుకాగితం అతికించిన చెక్క
☐ 2 మి.మీ. డ్రిల్లు బిట్టు, నోరు సన్నగా ఉండే పట్టకారు
☐ చేతి గ్లవ్స్, తెరిచిన కిటికీ

సీఏ ఆవిరి కళ్లను మండిస్తుంది. బొట్టు వేసేటప్పుడు ముఖం సరిగ్గా పైన పెట్టకండి. చలవ కళ్లజోడైనా పెట్టుకోవడం మంచిది.

2. ముక్కలు తిన్నగా ఉన్నాయా

స్టెబిలైజర్, ఎలివేటర్, ఫిన్, రడ్డర్ ఒక్కోదాన్నీ అద్దం పలక మీద పెట్టి నాలుగు మూలలూ వేలితో నొక్కి చూడండి. ఒక మూల నొక్కితే ఎదుటి మూల లేస్తోందంటే మెలి ఉన్నట్టే.

మెలి చాలావరకు కవరింగ్ ఒక పక్క ఎక్కువ బిగుసుకోవడం వల్ల వస్తుంది. ముక్కను ఎదురు దిశలో కొద్దిగా ఎక్కువే మెలితిప్పి పట్టుకుని, కవరింగ్ ఐరన్‌తో రెండు వైపులా వేడి చేసి, చల్లారేదాకా అలాగే పట్టుకోండి. వదిలేయగానే కొంత వెనక్కి వస్తుంది, అందుకే ఎక్కువ తిప్పమన్నది. రెండు మూడుసార్లు చేసినా లొంగకపోతే ఆ చెక్కే వంకర. అది మార్చాల్సిందే.

ఎలివేటర్ రెండు సగాలు ఉంటే వాటిని పక్కపక్కన పెట్టి మందం, వెడల్పు పోల్చండి. ముడతలు కనిపిస్తే ఇప్పుడే ఐరన్‌తో తీసేయండి. తోక బాడీలో కూర్చున్నాక మూలల్లోకి ఐరన్ దూరదు.

3. జాయినర్ తీగ ముందు, స్టెబిలైజర్ తర్వాత

ఎలివేటర్ రెండు సగాలను కలిపే యూ ఆకారపు తీగ చాలా కిట్లలో బాడీ వెనక గాడిలోంచే వెళ్తుంది. స్టెబిలైజర్ అతికాక ఆ తీగ లోపలికి వెళ్లే దారే ఉండదు. ఎంత అనుభవం ఉన్నవాళ్లైనా ఒక్కసారైనా చేసే తప్పు ఇది.

తీగను గాడి వెనక కొసకు జరిపి టేపుతో అంటించి ఉంచండి. దానికి ఎపాక్సీ తగలకూడదు, తగిలితే ఎలివేటర్ కదలదు. బాడీకి ఆనే మధ్యభాగం మీద పెట్రోలియం జెల్లీ పలచగా రాస్తే చాలు. ఎలివేటర్‌లోకి వెళ్లే రెండు కాళ్లకు మాత్రం జెల్లీ తగలనివ్వద్దు, అక్కడ జిగురు పట్టాలి.

4. జిగురు లేకుండా కూర్చోబెట్టడం

అసలు పని ఇదే. రెక్కను బోల్టులతో పూర్తిగా బిగించండి, ఎందుకంటే తోకకు కొలతబద్ద రెక్కే.

ముందు రెక్క నిటారుగా కూర్చుందా చూడాలి. బాడీ వెనక కొస మధ్యలో గుండుసూది గుచ్చి, అక్కడి నుంచి రెండు రెక్కల కొసలకూ దారం పట్టండి. రెండు కొలతలూ సమానం కావాలి. తేడా ఉంటే రెక్క బోల్టు బెజ్జాలను సవరించుకోవడం ముందు పని.

ఇప్పుడు స్టెబిలైజర్‌ను గాడిలోకి తోయండి. చేత్తో తోస్తే కదలాలి, వదిలితే జారకూడదు. బిగువు ఎక్కువైతే ఉప్పుకాగితం చెక్కతో గాడిని రుద్దండి. స్టెబిలైజర్‌ను రుద్దకండి. మూడు కొలతలు ఈ వరుసలోనే తీయండి:

మొదటిది, మధ్యకు తేవడం. బాడీ పక్క గోడ నుంచి స్టెబిలైజర్ రెండు కొసలకూ స్కేలుతో కొలవండి. సమానం అయ్యాక మధ్యలో చిన్న పెన్సిల్ గుర్తు పెట్టండి.

రెండోది, వంకర లేకుండా తిప్పడం. బాడీ పైన, ముక్కుకు దగ్గరగా, సరిగ్గా మధ్యగీత మీద గుండుసూది గుచ్చండి. దానికి దారం కట్టి కుడి కొస వెనక మూల దాకా లాగి, దారం మీద టేపు ముక్కతో గుర్తు పెట్టండి. అదే దారాన్ని ఎడమ కొసకు తిప్పి చూడండి. స్టెబిలైజర్ సగం పొడవు 25 సెం.మీ. అనుకుంటే, ఒక్క డిగ్రీ వంకరకే రెండు కొలతల మధ్య 8 మి.మీ. పైగా తేడా పడుతుంది. అంటే 1 మి.మీ. లోపు తేడాకు తెచ్చారంటే వంకర డిగ్రీలో ఎనిమిదో వంతే. అంతకన్నా పట్టుబట్టక్కర్లేదు.

మూడోది, రెక్కకు సమాంతరంగా ఉండటం. మోడల్‌ను చదునైన బల్ల మీద పెట్టి, మూడు మీటర్లు వెనక్కి వెళ్లి, కళ్లు తోక ఎత్తుకు దించి చూడండి. స్టెబిలైజర్ గీత, వెనకున్న రెక్క గీత ఒకదానికొకటి సమాంతరంగా కనిపించాలి. ఒక కన్ను మూసి చూస్తే తేడా ఇంకా తేలిగ్గా దొరుకుతుంది.

ఎడమ కొస ఎత్తుగా ఉందనుకుందాం. గాడిలో ఎడమ పక్క కింది అంచును, కుడి పక్క పై అంచును రుద్దాలి, ఒక్కోసారి నాలుగైదు రుద్దులే. ప్రతిసారీ పెట్టి చూడండి. ఎక్కువ రుద్ది సందు వస్తే ఎదుటి వైపు పలచటి బాల్సా పేడు దూర్చండి. ఎత్తుగా ఉన్న కొస మీద బరువు పెట్టి జిగురు వేయడం కొందరి అలవాటు. చెక్క వెనక్కి లాగుతూనే ఉంటుంది కాబట్టి ఆ దారి మంచిది కాదు.

రుద్దేటప్పుడు గాడి ముందు భాగాన్ని, వెనక భాగాన్ని సమానంగానే తీయాలి. ముందు అంచు కిందికి దిగితే తోక కిందికి నొక్కుతుంది, విమానం ముక్కు పైకెత్తుతుంది. స్టెబిలైజర్ వెడల్పు 150 మి.మీ. ఉంటే ఒక డిగ్రీ అంటే 2.6 మి.మీ. మాత్రమే. మీకు తెలియకుండానే అంత పోతుంది.

5. కవరింగ్ తీయడం: అన్నిటికన్నా జాగ్రత్త ఇక్కడ

ఎపాక్సీ చెక్కనే పట్టుకుంటుంది. కవరింగ్ మీద పూస్తే ఫిల్మ్ ఊడినప్పుడు తోకా ఊడుతుంది.

కొలతలన్నీ కుదిరాక స్టెబిలైజర్ పైన, కింద, బాడీకి రెండు పక్కలా మార్కర్‌తో గీత గీయండి. బయటికి తీసి, ఆ గీతకు 2-3 మి.మీ. లోపలి వైపు కత్తిరించాలి. అప్పుడు కవరింగ్ అంచు కొంచెం బాడీ లోపలికి వెళ్లి, చెక్క బయటపడకుండా ఉంటుంది.

బ్లేడుతో కోసేటప్పుడు చెక్క కోసుకుపోయిందంటే పెద్ద ముప్పు. గాలి భారం తోకను వంచేది సరిగ్గా ఆ గీత దగ్గరే. బాల్సా మీద సగం మి.మీ. గాటు పడినా, లూప్ కొట్టినప్పుడో డైవ్ నుంచి లేపినప్పుడో స్టెబిలైజర్ అక్కడే విరుగుతుంది. బయటినుంచి చూస్తే ఏమీ కనిపించదు.

అందుకే సోల్డరింగ్ ఐరనే మేలు. స్కేలు ఆధారంగా పెట్టి, మొనను నొక్కకుండా, ఆగకుండా గీత వెంట జార్చండి. ఫిల్మ్ కరిగి విడిపోతుంది, చెక్కకు ఏమీ కాదు. ముందు పాత కవర్ చేసిన ముక్క మీద వేగం అలవాటు చేసుకోండి. బ్లేడే దిక్కైతే సరికొత్తది వాడి, బ్లేడు సొంత బరువుతో మాత్రమే లాగండి. ఒక్కసారికి తెగకపోతే రెండోసారి లాగండి, నొక్కకండి.

ఫిల్మ్ ఊడదీశాక వెలుతురు పక్కనుంచి పడేలా పట్టి చూడండి. చెక్క మీద గాటు కనిపిస్తే దాని వెంట పలచటి సీఏ పట్టించండి. లోతుగా ఉంటే ఇంకో స్టెబిలైజర్ వెతుక్కోవడమే, లేదా గాటు మీదుగా పలచటి గ్లాస్ క్లాత్ ముక్కను ఎపాక్సీతో అతికించడం.

మిగిలిన మార్కర్ గీతను ఆల్కహాల్ తడిపిన టిష్యూతో తుడవండి. అసిటోన్ వద్దు, కొన్ని ఫిల్ముల రంగు దానితో పాటే వచ్చేస్తుంది.

6. స్టెబిలైజర్ అతికించడం

తీగ గాడిలో ఉందా? మళ్లీ ఒకసారి చూసుకోండి.

ఎపాక్సీ రెండు భాగాలూ సమానంగా తీసుకుని పూర్తి నిమిషం పాటు కలపండి. ఈ సైజుకు 10 గ్రాముల లోపే సరిపోతుంది. గది వేడిగా ఉంటే 30 నిమిషాల ఎపాక్సీ ఇంకా ముందే చిక్కబడుతుంది, ఆ లెక్క మనసులో పెట్టుకోండి.

గాడి లోపలి అంచులకు పలచగా పూయండి. స్టెబిలైజర్‌ను ఒక పక్కకు జరిపి, బయటికి కనిపించే ఖాళీ చెక్కకు పైనా కిందా పూయండి. ఎదుటి పక్కకు జరిపి మిగతా సగం పూయండి. తర్వాత మధ్యకు తెండి. ఇలా చేస్తే జిగురు గాడి నోటి దగ్గరే గీసుకుపోకుండా లోపలికి వెళ్తుంది.

బయటికి పొంగినదాన్ని ఆల్కహాల్ టిష్యూతో తుడవండి. ప్రతి తుడుపుకూ కొత్త ముక్క వాడాలి. అదే ముక్కతో రెండోసారి తుడిస్తే జిగురు పలచటి పొరలా పరుచుకుని, ఎండాక మసకగా కనిపిస్తుంది.

మూడు కొలతలూ మళ్లీ తీయండి. పది నిమిషాలకు ఇంకోసారి. తర్వాత చేయి వేయకుండా 8 గంటలు వదిలేయండి.

7. ఫిన్

ఫిన్‌కూ అదే పద్ధతి: జిగురు లేకుండా పెట్టి చూడటం, గీయడం, కవరింగ్ తీయడం. ఫిన్ అడుగు స్టెబిలైజర్ మీద ఆనే మోడల్ అయితే స్టెబిలైజర్ మధ్యలోనూ కవరింగ్ తీయాలి.

జిగురు వేశాక రెండు వైపులా రెండు మూలమట్టాలు ఆనించి 90 డిగ్రీలు చూడండి. ఫిన్ కొస నుంచి స్టెబిలైజర్ రెండు కొసలకూ డేరా తాళ్లలా మాస్కింగ్ టేప్ లాగి కట్టండి. బిగువు రెండు పక్కలా ఒకేలా ఉండాలి. పై నుంచి చూసి ఫిన్ బాడీ మధ్యగీత మీదే ఉందని తేల్చుకోండి. కొన్ని మోడళ్లలో ఫిన్‌ను కావాలనే కొద్దిగా పక్కకు తిప్పి పెడతారు. అలా ఉంటే మాన్యువల్ చెబుతుంది.

8. హింజ్‌లు

ఎలివేటర్ ప్రతి సగానికీ, రడ్డర్‌కూ సాధారణంగా మూడేసి సీఏ హింజ్‌లు (సీఏతో అతికించే పలచటి బందులు) వస్తాయి. ఫ్యాక్టరీ కోసిన గాట్లు సగం దాకానే ఉండొచ్చు, బ్లేడు దూర్చి లోతు చూడండి. ప్రతి గాటు మధ్యలో 2 మి.మీ. బిట్టుతో 12 మి.మీ. లోతు బెజ్జం చేయండి. సీఏ ఈ బెజ్జం గుండానే లోపలికి పరిగెత్తి హింజ్ అంతటా పాకుతుంది. ఇది మానేస్తే జిగురు నోటి దగ్గరే బిగిసిపోతుంది.

హింజ్ సరిగ్గా మధ్యలో గుండుసూది గుచ్చి సగం దాకా తోయండి. రెండో ముక్కను తొడగండి. సూది తీసి దగ్గరికి నొక్కండి. మధ్య సందు ఒక విజిటింగ్ కార్డు మందం ఉంటే చాలు. సందు పెద్దదైతే ఎలివేటర్ పనితనం తగ్గుతుంది, వణుకు మొదలవడానికీ అదే అవకాశం.

ఎలివేటర్ విషయంలో వరుస ముఖ్యం. ముందు జాయినర్ తీగ కాళ్లను ఉప్పుకాగితంతో గరుకు చేసి, ఎలివేటర్ బెజ్జాల్లో ఎపాక్సీ నింపి, హింజ్‌లతో పాటే తొడగండి. రెండు ఎలివేటర్ల వెనక అంచులను ఒకే చెక్క బద్దకు క్లిప్పులతో పట్టించండి, ఒకే ఎత్తులో గట్టిపడతాయి. ఎపాక్సీ ఆరాకే హింజ్‌లకు సీఏ.

ఎలివేటర్‌ను పూర్తిగా వంచి పట్టుకుని ఒక్కో హింజ్‌కు ఆరు బొట్లు, ఒక్కొక్కటి ఇంకేదాకా ఆగి వేయండి. తిప్పి రెండో వైపు మళ్లీ ఆరు. చిక్కటి సీఏ పనికిరాదు, అది ఇంకదు. త్వరగా బిగించే స్ప్రే అసలే వద్దు, ఉపరితలం బిగిసి లోపల పొడిగానే ఉండిపోతుంది.

పదిహేను నిమిషాలు ఆగి, ఒక్కో హింజ్ దగ్గరా గట్టిగా లాగండి. భయపడుతూ లాగితే పరీక్ష కాదు. ఊడిపోయేదైతే నేల మీద ఊడటమే మేలు.

9. హార్న్‌లు, పుష్‌రాడ్‌లు

హార్న్ (ఎలివేటర్‌కు, రడ్డర్‌కు బిగించే చిన్న చేయి) మీది బెజ్జాలు హింజ్ గీతకు సరిగ్గా పైన నిలవాలి. వెనక్కి జరిగితే పైకి ఒక కదలిక, కిందికి ఇంకో కదలిక వస్తుంది, ఆ తేడాను రేడియోతో సర్దలేక తలనొప్పి. స్క్రూ బెజ్జాలకు పలచటి సీఏ ఒక బొట్టు వేసి ఆరనివ్వండి, చెక్క గట్టిపడుతుంది. వెనక ప్లేటు చెక్కను తాకి ఆగాలి, లోపలికి దిగబడకూడదు.

రేడియో ఆన్ చేసి, ట్రిమ్‌లు మధ్యలో పెట్టి, సర్వో (ఎలివేటర్‌ను, రడ్డర్‌ను కదిపే చిన్న మోటారు) చేయిని పుష్‌రాడ్‌కు (సర్వో నుంచి హార్న్ దాకా వెళ్లే కడ్డీ) 90 డిగ్రీల్లో తొడగండి. క్లెవిస్‌ను (రాడ్ కొసను హార్న్‌కు తగిలించే చిన్న పట్టు) రాడ్ మర సగం దాకా తిప్పితే తర్వాత రెండు వైపులా సవరించే వీలుంటుంది. క్లెవిస్ మీద సిలికాన్ గొట్టం చిన్న ముక్క తొడగడం మర్చిపోవద్దు, గాల్లో అది విచ్చుకోకుండా ఆపేది ఆ ముక్కే.

ఇప్పుడు ఒక పరీక్ష. సర్వో ఆన్‌లో ఉండగా ఎలివేటర్‌ను వేలితో నొక్కండి. అది లొంగుతోంటే బాడీ లోపలికి చూడండి, పుష్‌రాడ్ విల్లులా వంగుతుంటుంది. దాని బయటి గొట్టాన్ని మధ్యలో చెక్క ముక్కలతో బాడీకి అతికించాలి. నేల మీద ఇంత వంగేది డైవ్‌లో ఇంకా వంగుతుంది. స్టిక్ లాగినా ఎలివేటర్ లేవదు.

కదలిక మాన్యువల్లో లేకపోతే ట్రైనర్‌కు (ఎగరేయడం నేర్చుకునే మోడల్) ఎలివేటర్ పైకీ కిందికీ 10-12 మి.మీ., రడ్డర్ రెండు పక్కలా 20-25 మి.మీ. వెనక అంచు దగ్గర కొలిచి పెట్టుకోండి. తక్కువ కదలిక కావాలంటే రేడియోలో శాతం తగ్గించే ముందు, క్లెవిస్‌ను హార్న్ బయటి బెజ్జానికి మార్చండి. లూజు కూడా దానితో తగ్గుతుంది.

తోక చక్రం ఉన్న మోడల్ అయితే చక్రం తీగ తిరిగే ఇరుసు రడ్డర్ హింజ్ గీత మీదే ఉండాలి. తప్పితే రడ్డర్ బిగుసుకుని సర్వో గుర్రుమంటుంది.

10. తరచూ వచ్చే చిక్కులు

స్టెబిలైజర్ వంకరగా అతికిపోయింది: తేడా 2-3 మి.మీ. లోపైతే అలాగే ఎగరేయండి, ట్రిమ్ సరిపోతుంది. ఎక్కువైతే సన్న పళ్ల రంపంతో గాడి వెంట కోసి, పేళ్లు నింపి మళ్లీ మొదటినుంచి.

రెండు ఎలివేటర్లు ఒకే ఎత్తులో లేవు: జాయినర్ తీగను పట్టకారుతో బాడీ దగ్గర పట్టుకుని, ఎలివేటర్‌ను కొద్దిగా వంచండి. పట్టకారు లేకుండా వంచితే జిగురు విడుతుంది.

గాల్లో జుయ్‌మని వణుకు: అది ఫ్లట్టర్. వెంటనే థ్రాటిల్ తగ్గించి దింపండి. లూజు హింజ్, అరిగిన హార్న్ బెజ్జం, వంగే పుష్‌రాడ్, ఈ మూడింట్లో ఒకటి దొరుకుతుంది. దొరక్కుండా మళ్లీ ఎగరేయకండి.

తోక బరువెక్కింది: జిగురు ధారాళంగా వాడినప్పుడు వచ్చే శిక్ష. గరిమనాభి (విమానం బరువు సమంగా తూగే చోటు) నుంచి తోక 75 సెం.మీ., ముక్కు 30 సెం.మీ. దూరంలో ఉంటే, తోకలో 10 గ్రాములకు ముక్కులో 25 గ్రాముల సీసం పెట్టాలి.

11. మైదానానికి ముందు

☐ స్టిక్ మీ వైపు లాగితే ఎలివేటర్ పైకి
☐ రడ్డర్ స్టిక్ కుడికి నెడితే, వెనకనుంచి చూసినప్పుడు రడ్డర్ కుడికి
☐ రెండు స్టిక్కులూ మూలలకు తోసినా రడ్డర్, ఎలివేటర్ ఒకదానికొకటి రాసుకోవడం లేదు
☐ ప్రతి హింజ్ లాగి చూశారు
☐ క్లెవిస్‌ల మీద సిలికాన్ ముక్కలున్నాయి
☐ స్టెబిలైజర్ కొస పట్టుకుని కదిపితే బాడీ మొత్తం కదులుతోంది, అతుకు కిర్రుమనడం లేదు
☐ గరిమనాభి మాన్యువల్ చెప్పిన చోట, ట్యాంకు ఖాళీగా ఉండగా చూసింది

మొదటి రెండు మూడు ఫ్లైట్ల తర్వాత హార్న్ స్క్రూలు మరో పావు చుట్టు తిరుగుతాయి, చెక్క సర్దుకోవడం వల్ల. అప్పుడు స్క్రూడ్రైవర్ దగ్గరుంచుకోండి.